పాస్‌వర్డ్ మేనేజర్ నింపలేదు, నేనే చేత్తో అతికించాను. క్రిప్టో ఎక్స్ఛేంజ్ ఖాతా పోయినట్టేనా?

నిదాని (ప్రశ్న)

నిన్న రాత్రి పదకొండు దాటాక ఫోనుకు ఒక ఎస్సెమ్మెస్ వచ్చింది. ‘మీ ఖాతాలోకి కొత్త పరికరం నుంచి లాగిన్ జరిగింది. మీరు కాకపోతే వెంటనే ఇక్కడ రద్దు చేయండి’ అని ఉంది, కింద ఒక లింకు. ముక్కూమొహం తెలియని నంబరు నుంచి వచ్చి ఉంటే పట్టించుకునేవాణ్ణి కాదు. ఇన్నాళ్ళూ నా ఎక్స్ఛేంజ్ (బిట్‌కాయిన్ లాంటి కాయిన్లు కొని అమ్మి దాచుకునే చోటు) ఓటీపీలు ఏ వరుసలో వచ్చి పడుతున్నాయో సరిగ్గా ఆ వరుసలోనే, మొన్నటి ఓటీపీ కిందే వచ్చింది. గుండె గుభేలుమంది. నొక్కేశాను.

పేజీ తెరుచుకుంది. అదే రంగు, అదే గుర్తు, అడుగున చిన్న అక్షరాల్లో అదే హెచ్చరిక: ‘చిరునామా సరిచూసుకున్నాకే వివరాలు ఇవ్వండి’. (ఆ హెచ్చరికను కూడా ఎత్తుకొచ్చి పెట్టారని ఇప్పుడు తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు.) తాళం బొమ్మ కూడా ఉంది. నేను పాస్‌వర్డ్ మేనేజర్ వాడతాను. మామూలుగా గడిని తాకగానే అదే నింపేస్తుంది. నిన్న నింపలేదు. యాప్ మొరాయించిందనుకున్నాను. మేనేజర్ తెరిచి, పాస్‌వర్డ్ కాపీ చేసి, నా చేత్తో నేనే అతికించాను.

తర్వాత ఆరంకెల కోడ్ అడిగింది. ముప్పై సెకన్లకోసారి కొత్త కోడ్ చూపించే అథెంటికేటర్ యాప్ తెరిచాను. నాలుగు అంకెలు కొట్టేసరికి పక్కన తిరిగే గుండ్రం పూర్తయి కోడ్ మారిపోయింది. మళ్ళీ మొదటి నుంచి కొట్టాలి కదా అని విసుక్కుంటూ వెనక్కి వచ్చినప్పుడు పైనున్న చిరునామా కంటపడింది. ఎక్స్ఛేంజ్ పేరు ఉంది, దాని పక్కన అడ్డగీత, ఆ పక్కన ‘సెక్యూర్’ అనే మాట. మూసేశాను.

వెంటనే అసలు యాప్‌లోకి వెళ్ళి పాస్‌వర్డ్ మార్చాను. కాయిన్లు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. నిద్ర మాత్రం లేదు.

పాస్‌వర్డ్ మారిస్తే సరిపోతుందా? కోడ్ ఇవ్వలేదు కాబట్టి బయటపడ్డట్టేనా? అథెంటికేటర్ పనిచేయనప్పుడు అక్కరకొస్తుందని ఎస్సెమ్మెస్ ఓటీపీ కూడా ఉంచుకున్నాను, అది తీసేయాలా? నా మిత్రుడేమో ‘పాస్‌వర్డ్ ఇరవై అక్షరాలు పెట్టుకుని నెలనెలా మారుస్తూ ఉండు, అంతకు మించి ఏమీ అక్కర్లేదు’ అంటున్నాడు. ఇంకొక సంగతి, దాచడం ఎందుకు: ఆ ఖాతాకు ఇచ్చిన ఈమెయిల్ పాస్‌వర్డ్ చాలా పాతది. అదే పాస్‌వర్డ్ మరో రెండు మూడు చోట్ల కూడా వాడాను.

కంచుగంట

ఆ చివరి వాక్యం మొదట రాయాల్సింది. ఇది చదవడం ఆపి ముందు ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చి రండి. ఎక్స్ఛేంజ్ యాప్‌లో భద్రత పేజీలో ఖాతాను తాత్కాలికంగా స్తంభింపజేసే మీట ఉంటే అదీ నొక్కండి. మళ్ళీ తెరిపించుకోవడానికి ఒకటి రెండు రోజులు పట్టినా మునిగిపోయేదేమీ లేదు.

పాతబల్ల

కంచుగంట గారు చెప్పింది చేసి వచ్చారనుకుని రాస్తున్నాను.

నేను ఒక ఎక్స్ఛేంజ్ సహాయ విభాగంలో నాలుగేళ్ళు పనిచేశాను. పొద్దున కూర్చుంటే రాత్రి లేచేవరకు నా బల్ల మీద ఉండేవి ఇలాంటి ఫిర్యాదులే. మీ విషయంలో పాస్‌వర్డ్ వాళ్ళకు చేరింది, కోడ్ చేరలేదు, ఈలోపు మీరు పాస్‌వర్డ్ మార్చేశారు. కాబట్టి నిన్న రాత్రి గండం గడిచింది. ఆ గుండ్రం ఇంకో అయిదు సెకన్లు ఆలస్యంగా తిరిగి ఉంటే మనం వేరే సంగతి మాట్లాడుకునేవాళ్ళం.

ఎందుకంటే ఆ దొంగ పేజీ మీ వివరాలను రాసుకుని తీరిగ్గా రేపు వాడుకునే రకం కాదు. మీరు అక్కడ పాస్‌వర్డ్ అతికించిన మరుక్షణం, వెనక ఉన్న ప్రోగ్రాము దాన్ని అసలు సైటులో కొడుతుంది. అసలు సైటు కోడ్ అడుగుతుంది. అప్పుడు దొంగ పేజీ మిమ్మల్ని కోడ్ అడుగుతుంది. మీరిస్తే అది అటు అందిస్తుంది. వాళ్ళు లోపల ఉంటారు, మీకు మాత్రం ‘సర్వరు రద్దీగా ఉంది, కాసేపాగి ప్రయత్నించండి’ అని కనిపిస్తుంది. మనిషికి ముప్పై సెకన్లు తక్కువేమో, ప్రోగ్రాముకు అందులో పదో వంతు చాలు. ‘నాకు టూ ఎఫ్‌ఏ (పాస్‌వర్డ్ తర్వాత కోడ్ అడిగే రెండో తాళం) ఉంది, అయినా ఎలా పోయాయి?’ అని అడిగినవాళ్ళ ఖాతా చరిత్ర తీసి చూస్తే పాస్‌వర్డ్ సరైనదే, కోడ్ సరైనదే, మొదటిసారికే సరిగ్గా కొట్టి ఉండేవి. తేడా అల్లా లాగిన్ అయిన పరికరం. ఈ మాట వాళ్ళకు చెప్పడం నా ఉద్యోగంలో నాకు ఎప్పుడూ చేతకాని పని.

ఆ కోడ్ ఎలా పుడుతుందో తెలిస్తే ఇందులో వింత ఉండదు. మీరు మొదట్లో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసినప్పుడు ఒక రహస్యపు అక్షరాల వరుస మీ ఫోనులోకి వచ్చింది. అదే వరుస ఎక్స్ఛేంజ్ దగ్గర కూడా ఉంది. 1970 జనవరి 1 నుంచి ఇప్పటివరకు ఎన్ని ముప్పై సెకన్ల ముక్కలు గడిచాయో ఎవరికి వాళ్ళు లెక్కపెట్టి, ఆ లెక్కను రహస్యంతో కలిపి, వచ్చినదానిలోంచి ఆరు అంకెలు తీస్తారు. 2011లో ప్రచురించిన పద్ధతి ఇది. ఫోనుకూ ఎక్స్ఛేంజ్‌కూ మధ్య మాటామంతీ ఏమీ ఉండదు, ఫోనులో ఇంటర్నెట్ ఆపేసినా కోడ్ వస్తుంది. అంటే ఆ కోడ్‌కు తెలిసినవి రెండే: రహస్యం, సమయం. మీరు దాన్ని ఎవరికి చెబుతున్నారో దానికి తెలియదు.

నిన్న రాత్రి ఆ సంగతి తెలిసిన జీవి ఒక్కటే ఉంది, మీ పాస్‌వర్డ్ మేనేజర్. దానికి రంగులూ గుర్తులూ పట్టవు, చిరునామాలోని అక్షరాలే చూస్తుంది. తాను దాచుకున్న చిరునామాకు సరిపోలేదు కాబట్టి నోరు మూసుకుంది. గేటు దగ్గర కాపలావాడు అడ్డగించిన మనిషిని మీరే పెరటి తలుపు తీసి లోపలికి పిలిచారు. నేను దెప్పడం లేదు. మా బల్ల మీదికి వచ్చిన ఫిర్యాదుల్లో ‘ఆ రోజు ఎందుకో నింపలేదు, చేత్తో కొట్టాను’ అనే మాట మాటిమాటికీ కనిపించేది. నింపకపోతే చెయ్యి తీసేయండి. కారణం తర్వాత వెతుక్కోవచ్చు.

తాళం బొమ్మ ఉంది అన్నారు. మీకూ ఆ పేజీకీ మధ్య నడిచే సమాచారం దారిలో ఎవరికీ కనబడదని మాత్రమే దాని అర్థం. ఆ చివర కూర్చున్నది దొంగ అయితే దొంగతోనే భద్రంగా మాట్లాడుతున్నారన్నమాట. జనం దాన్ని మంచితనానికి గుర్తు అనుకుంటున్నారనే గూగుల్ తన క్రోమ్ బ్రౌజర్‌లోంచి ఆ బొమ్మను 2023లో తీసేసింది.

ఇప్పుడు చేయాల్సినవి. ఆ ఎస్సెమ్మెస్ లింకు జోలికి మళ్ళీ వెళ్ళకండి, ఆసక్తికి కూడా. ఈమెయిల్‌తో మొదలుపెట్టండి, ఎక్స్ఛేంజ్ పాస్‌వర్డ్ పోయిందంటే కొత్తది పెట్టుకునే లింకు వచ్చేది అక్కడికే కదా. కొత్త పాస్‌వర్డ్ ఇంకెక్కడా లేనిదై ఉండాలి, ఈమెయిల్‌కు కూడా రెండో తాళం ఉండాలి. ఆ తర్వాత ఈమెయిల్ సెట్టింగుల్లో ఎవరూ తొంగిచూడని రెండు మూలలున్నాయి: మెయిళ్ళు వేరే చిరునామాకు పంపే ఏర్పాటు, మెయిళ్ళను వడగట్టే ఫిల్టర్లు. ఒకాయన ‘డబ్బు బయటికి పోతుంటే మీరు ఒక్క మెయిల్ కూడా పంపలేదు’ అని మా మీద నిప్పులు చెరిగారు. మేము ప్రతిసారీ పంపాం. ఆయన మెయిల్‌లో ఎవరో ఒక్క వరుస ఫిల్టరు రాసి పెట్టారు: మా పేరున్న ప్రతి మెయిలూ చదివినట్టు గుర్తు పెట్టి చెత్తబుట్టలో వెయ్యి అని. చెత్తబుట్ట తెరిచి చూడమన్నాను. ఫోనులో అవతలివైపు చాలాసేపు మాట లేదు.

తర్వాత ఎక్స్ఛేంజ్. పాస్‌వర్డ్ మార్చడంతో పాటు ‘అన్ని పరికరాల నుంచి లాగవుట్’ నొక్కండి. ఒకసారి లోపలికి వచ్చిన బ్రౌజర్‌కు సైటు ఒక చీటీ ఇస్తుంది, కుకీ అంటారు. ఆ చీటీ చెల్లుతున్నంతసేపు పాస్‌వర్డూ అడగదు, కోడూ అడగదు. ఉచితంగా దొరికిందని దించుకున్న పగలగొట్టిన సాఫ్ట్‌వేర్లు, లాభాలు తెచ్చిపెడతామనే ట్రేడింగ్ బాట్లు (వాటంతట అవే కొని అమ్మే ప్రోగ్రాములు) చాలావరకు ఎత్తుకెళ్ళేది ఈ చీటీలనే. మీ కంప్యూటర్‌లో అలాంటిది ఏదైనా ఉంటే ఈ పనులన్నీ ఆ కంప్యూటర్‌లో చేయకండి, చేసినా వృథా.

ఏపీఐ కీల పేజీ కూడా తెరవండి. మీరు ఎప్పుడూ వినకపోయినా తెరవండి. వేరే ప్రోగ్రాములు మీ తరఫున కొనడానికీ అమ్మడానికీ ఇచ్చే అనుమతులు అవి. ఒకసారి ఇచ్చాక వాటికి మీ పాస్‌వర్డుతో, కోడ్‌తో పని ఉండదు. 2018లో బైనాన్స్ అనే ఎక్స్ఛేంజ్ ఖాతాదారుల మీద జరిగింది ఇదే. అచ్చం బైనాన్స్ చిరునామాలా కనిపించే దొంగ చిరునామా ఒకటి పెట్టారు, అక్షరాల కింద సన్నటి చుక్కలు తప్ప తేడా లేదు. తెర మీద దుమ్ము అనుకుని తుడుచుకునేంత చుక్కలు. అందులో లాగిన్ అయినవాళ్ళ ఖాతాల్లో వాళ్ళు గుట్టుగా ఏపీఐ కీలు పుట్టించుకుని, ఏమీ ముట్టుకోకుండా వారాల తరబడి కాచుకున్నారు. మార్చి 7న, రెండు నిమిషాల వ్యవధిలో, ఆ ఖాతాలన్నిటి చేతా వయాకాయిన్ అనే కాయిన్‌ను ఎగబడి కొనిపించారు. ధర ఆకాశానికి లేవగానే ముందే సిద్ధం చేసుకున్న తమ ఖాతాల నుంచి అమ్మేశారు. బైనాన్స్ వ్యవస్థ పసిగట్టి ఉపసంహరణలు (ఖాతాల్లోంచి బయటికి తీసుకోవడం) ఆపేసింది కాబట్టి వాళ్ళకు దక్కలేదు. నాకు భయం వేసేది ఆ రెండు నిమిషాలను చూసి కాదు, అంతకు ముందు కాచుకున్న వారాలను చూసి. నిన్న ఏమీ పోలేదు కాబట్టి ఏమీ జరగలేదు అనుకోవద్దని చెప్పడానికే ఇంత కథ.

ఉపసంహరణ చిరునామాల జాబితా ఉంటే అది కూడా ఆన్ చేయండి. జాబితాలో లేని చోటికి కాయిన్లు కదలవు, కొత్త చిరునామా చేర్చితే చాలాచోట్ల 24 గంటలో అంతకంటే ఎక్కువో ఆగాలి. ఆ గడువులో మీరు పసిగట్టే వీలుంటుంది.

ఎస్సెమ్మెస్ సంగతి. సందేశం ఏ వరుసలో పడాలో ఫోను నిర్ణయించేది పంపినవారి పేరును బట్టి, ఆ పేరును వేరొకరు పెట్టుకోగలిగే పరిస్థితి చాలాచోట్ల ఇంకా ఉంది. అందుకే దొంగ ఎస్సెమ్మెస్ నిజమైన ఓటీపీల కిందికి వచ్చి మర్యాదస్తుడిలా కూర్చుంది. ఇంకొకటి సిమ్ మార్పిడి: మీరేనని ఫోను కంపెనీని నమ్మించి మీ నంబరును తమ సిమ్‌లోకి మార్పించుకుంటారు. 2024 జనవరి 9న అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీకి ఎక్స్‌లో (పాత ట్విట్టర్) ఉన్న ఖాతాను ఇలాగే పట్టుకుని, బిట్‌కాయిన్ ఈటీఎఫ్‌లకు (షేర్లలా కొనుక్కునే ఫండ్లు) అనుమతి వచ్చేసిందని అబద్ధపు ప్రకటన పెట్టారు. మార్కెట్టు ఎగిరి కిందపడింది. అంతకు ముందు జులైలో ఆ ఖాతా రెండో తాళం తీయించి మళ్ళీ వేయడం మరిచారని ఆ సంస్థే తర్వాత ఒప్పుకుంది. అథెంటికేటర్ పెట్టుకుని పక్కన ఎస్సెమ్మెస్ కూడా ఉంచుకుంటే, వచ్చేవాడు ఎస్సెమ్మెస్ తలుపునే తడతాడు. తీసేయండి. తీయనివ్వని ఎక్స్ఛేంజ్ అయితే కనీసం సిమ్ మార్పిడికి విడిగా పిన్ అడిగేలా ఫోను కంపెనీ దగ్గర ఏర్పాటు ఉందేమో చూడండి.

దాని బదులు పాస్‌కీ పెట్టుకోండి, లేదా యూఎస్‌బీలో గుచ్చే సెక్యూరిటీ కీ. ఇందులో మీరు చదివి చెప్పే అంకెలేవీ ఉండవు. మీ పరికరంలో ఒక రహస్య తాళంచెవి పుడుతుంది, అది ఆ సైటు చిరునామాకు ముడిపడి ఉంటుంది. పక్కన అడ్డగీత పెట్టి ‘సెక్యూర్’ అని రాసుకున్న చిరునామా నుంచి అడిగితే ఆ తాళంచెవి బయటికే రాదు. ఎవరికి చెబుతున్నామో తెలిసిన తాళం ఇది. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఈ పద్ధతిని 2019 మార్చిలో ఖాయం చేసింది. అంతకు ముందే గూగుల్ తన ఉద్యోగులందరికీ సెక్యూరిటీ కీలు ఇచ్చింది. 85 వేల మందికి పైగా ఉద్యోగుల్లో ఒక్కరి ఆఫీసు ఖాతా కూడా ఫిషింగ్‌కు (ఇలాంటి దొంగ పేజీల వలకు) చిక్కలేదని 2018లో ప్రకటించింది.

మీ మిత్రుడికి: ఇరవై అక్షరాలు మంచిదే. నెలనెలా మార్చడం మాత్రం అక్కర్లేదు, ఊరికే మార్పించవద్దని అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ 2017లోనే చెప్పింది. మార్చీ మార్చీ జనం చివర ఒక అంకె పెంచుకుంటూ పోతారు. అయినా, నిన్న మీరు అతికించింది ఇరవై అక్షరాల పాస్‌వర్డే అయి ఉంటుంది.

నిదాని

ఇరవై రెండు.

తడిసినఫోను

పాతబల్ల గారు లోపలికి వచ్చే దొంగల గురించి చెప్పారు. నేను నా ఖాతాలోకి నేనే వెళ్ళలేక నాలుగు వారాలు బయట నిలబడ్డ మనిషిని.

ఫోను నీళ్ళలో పడింది, మళ్ళీ వెలగలేదు. అథెంటికేటర్ అందులోనే. క్యూఆర్ చూపించిన రోజున దాని కింద అక్షరాల వరుస కూడా చూపించి ‘రాసి దాచుకోండి’ అంది. అదేదో నిబంధనల పాఠంలా అనిపించి ముందుకు నొక్కేశాను. అందరూ నొక్కేసేది అక్కడే అనుకుంటాను. సహాయ విభాగానికి రాస్తే ఫొటో అడిగారు. కాగితం మీద ఆ రోజు తేదీ, ఏం కోరుతున్నానో రాసి, గుర్తింపు కార్డుతో పాటు మొహం పక్కన పట్టుకుని తీయాలి. మొదటిసారి అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడ్డాయని వెనక్కి పంపారు. రెండోసారి వేలు తేదీ మీద పడిందని. మూడోది అంగీకరించారు.

ఇప్పుడు ఆ వరుస రెండు కాగితాల మీద రాసి రెండు వేర్వేరు చోట్ల ఉంచాను. స్క్రీన్‌షాట్ తీసుకోకండి. గ్యాలరీలో పడుతుంది, అక్కడి నుంచి దానంతట అదే క్లౌడ్‌కు ఎక్కుతుంది, రహస్యం అక్కడితో సరి. గూగుల్ అథెంటికేటర్‌లో 2023 ఏప్రిల్ నుంచి కోడ్‌లను గూగుల్ ఖాతాలో దాచుకునే వీలు వచ్చింది. ఫోను పోయినా కోడ్‌లు పోవు, నిజమే. అయితే ఆ గూగుల్ ఖాతా ఎంత గట్టిదైతే ఇవీ అంతే గట్టివి.

ఇంకొక చిన్న సంగతి. కొత్త ఫోనులో అన్నీ అమర్చుకున్నాక కూడా ప్రతి కోడూ తప్పనే వచ్చేది. రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాక తెలిసింది, ఫోను గడియారం మూడు నిమిషాలు ముందుకు ఉంది, ఎప్పుడో నేనే చేత్తో తిప్పాను. సమయం ఆటోమేటిక్‌లో పెట్టగానే మొదటి కోడ్‌కే తలుపు తెరుచుకుంది. పైన చెప్పిన 1970 లెక్క చదివాక ఇప్పుడు అర్థమైంది ఎందుకో.

పాతబల్ల

తిరగబడ్డ అక్షరాలు! సెల్ఫీ కెమెరాల పుణ్యమా అని వారానికి ఎన్ని వెనక్కి పంపేవాళ్ళమో. క్షమించండి, అవతల కూర్చున్నది నాలాంటివాళ్ళే. మాకు ఆ ఫొటోలో కనిపించేది నిద్రలేని కళ్ళు, రాసినదానికంటే ముందు. అయినా నిబంధన సడలించేవాళ్ళం కాదు, ఎందుకంటే అదే ఫొటోను నకిలీ చేసి వేరొకరి తాళం తీయించడానికి వచ్చేవాళ్ళు కూడా మా వరుసలోనే నిలబడేవాళ్ళు.

సొంతపెట్టె

ఇంత తంటా ఎందుకు? ఎక్స్ఛేంజ్‌లో ఉంచడమే తప్పు. 2014లో మౌంట్ గాక్స్ అనే ఎక్స్ఛేంజ్ మూతపడినప్పుడు దాదాపు 8,50,000 బిట్‌కాయిన్లు గల్లంతయ్యాయని చెప్పారు. అందులో లాగిన్ జాగ్రత్తగా చేసినవాళ్ళవీ ఉన్నాయి, చేయనివాళ్ళవీ ఉన్నాయి. సొంత హార్డ్‌వేర్ వాలెట్‌లోకి (కాయిన్ల తాళంచెవి మీ దగ్గరే ఉంచే చిన్న పరికరం) తీసుకుని హాయిగా నిద్రపోండి.

పాతబల్ల

తీసుకోవాలన్నా ముందు లాగిన్ అవ్వాలి కదండీ. మీ మాటలో నిజం ఉంది, కొనడానికీ అమ్మడానికీ కావాల్సినదానికి మించి ఎక్స్ఛేంజ్‌లో ఉంచుకోనవసరం లేదు. కానీ వాలెట్‌కు దాన్ని తెరిచే 12 లేక 24 మాటల వరుస ఉంటుంది, దాన్ని దొంగ పేజీలో కొట్టినవాడికి ఫిర్యాదు చేసుకోవడానికి నా పాత బల్ల కూడా ఉండదు. నిదాని గారికి ఈ వారం చేయాల్సిన పని ఇది కాదు. కంగారులో ఉన్నప్పుడు కాయిన్లు కదిలించవద్దు.

నిదాని

మూడు రోజుల తర్వాత రాస్తున్నాను. ఈమెయిల్ మార్చాను. ఫిల్టర్లలో ఏమీ లేదు. ఏపీఐ కీల పేజీలో మాత్రం ఒకటి కనిపించింది. ఒళ్ళు చల్లబడింది. తేదీ చూస్తే రెండున్నరేళ్ళ కిందటిది. ధరలు ఒకేచోట చూపించే ఏదో యాప్ కోసం నేనే ఇచ్చాను, ఆ యాప్ పేరు కూడా మరిచిపోయాను. చూడటానికి మాత్రమే అనుకుని ఇచ్చాను గానీ, కొనడం అమ్మడం అనుమతికి కూడా టిక్కు ఉంది. ఇన్నాళ్ళూ ఆ తాళంచెవి ఎవరి జేబులో తిరిగిందో. తీసేశాను.

అసలు రాయవచ్చింది వేరే. ఈ రోజు మధ్యాహ్నం ఒక ఫోను వచ్చింది. ఎక్స్ఛేంజ్ భద్రత విభాగం నుంచి అన్నారు. చాలా మర్యాదగా మాట్లాడారు. నా పూర్తి పేరు, ఈమెయిల్ చెప్పారు. ‘నాలుగు రోజుల కిందట మీ ఖాతా మీద దాడి ప్రయత్నం జరిగింది కదా’ అన్నారు. నిజమే కదా! కాయిన్లను తాత్కాలికంగా ఒక భద్రమైన వాలెట్‌లోకి మార్చాలి, పన్నెండు మాటలు చెబుతాను రాసుకోండి అన్నారు. పనిలో ఉన్నాను, సాయంత్రం చేయండి అని పెట్టేశాను. దాడి సంగతి నేను ఇక్కడా, నా మిత్రుడికీ తప్ప ఎక్కడా చెప్పలేదు. వాళ్ళు నిజంగా ఎక్స్ఛేంజ్ వాళ్ళేనా?

పాతబల్ల

దాడి సంగతి తెలిసినవాళ్ళు ఇంకొకరున్నారు, దాడి చేసినవాళ్ళు.

ఆ పన్నెండు మాటలు వాళ్ళు ముందే రాసుకుని పెట్టుకున్నవి. మీరు ఆ మాటలతో వాలెట్ తెరిచి అందులోకి కాయిన్లు పంపితే, ఆ మాటలు తెలిసిన ఎవరైనా తక్షణమే తీసుకోగలరు. మీ పాస్‌వర్డ్ అక్కర్లేదు, కోడ్ అక్కర్లేదు, పాస్‌కీని ఓడించనక్కర్లేదు. మీ చేతులతో మీరే పంపుతారు. సహాయ విభాగంలో నాలుగేళ్ళలో నేను ఎవరికీ నా అంతట నేను ఫోను చేసి కాయిన్లు కదపమని చెప్పలేదు, చెప్పే పద్ధతే మాకు లేదు.

పేరు, ఈమెయిల్ తెలియడం పెద్ద ఆధారం కాదు. 2025 మేలో కాయిన్‌బేస్ అనే ఎక్స్ఛేంజ్ ఏం ప్రకటించిందో గుర్తుందా? విదేశాల్లో తమ తరఫున పనిచేసే సహాయ సిబ్బందిలో కొందరికి లంచమిచ్చి 69,461 మంది ఖాతాదారుల పేర్లు, ఫోను నంబర్లు, చిరునామాలు, ఖాతా వివరాలు లాగారు. పాస్‌వర్డ్‌లు కాదు, కోడ్‌లు కాదు. వాటితో పని లేదు వాళ్ళకు, కంపెనీ మనుషులమని ఫోను చేసి నమ్మించడానికి ఆ వివరాలు చాలు. బయటపెట్టకుండా ఉండాలంటే 2 కోట్ల డాలర్లు ఇవ్వమన్నారు. కాయిన్‌బేస్ ఇవ్వకుండా, అంతే మొత్తాన్ని వాళ్ళను పట్టించినవాళ్ళకు బహుమతిగా ప్రకటించింది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను కూర్చున్నలాంటి బల్ల ముందే వాళ్ళూ కూర్చున్నారు కాబట్టి ఈ వార్త నాకు కొంచెం ఎక్కువే గుచ్చుకుంది.

సాయంత్రం ఫోను వస్తే ఎత్తకండి. ఆడుకుందామని ఎత్తేవాళ్ళను చూశాను, వద్దు, వాళ్ళు మీకంటే సాధన ఉన్నవాళ్ళు. మీకే అనుమానం ఉంటే యాప్‌లోకి మీరే వెళ్ళి, లోపలున్న సహాయం పేజీ నుంచి అడగండి. అలాగే భద్రత సెట్టింగుల్లో ‘యాంటీ ఫిషింగ్ కోడ్’ అని ఉంటే మీకు నచ్చిన మాట ఒకటి పెట్టుకోండి, ఎక్స్ఛేంజ్ పంపే ప్రతి మెయిల్‌లో ఆ మాట ఉంటుంది. మాట లేని మెయిల్ వస్తే తెరిచే పనే లేదు.

కంచుగంట

గూగుల్‌లో ఎక్స్ఛేంజ్ పేరు వెతికి పైన వచ్చినదాన్ని నొక్కే అలవాటు ఉంటే అది కూడా మానండి. పైన వచ్చేది ప్రకటన కావచ్చు, ప్రకటనకు డబ్బు ఎవరైనా కడతారు. బుక్‌మార్క్ పెట్టుకోండి.

నిదాని

ఫోను రెండుసార్లు మోగింది, ఎత్తలేదు. ఎస్సెమ్మెస్ ఓటీపీ తీసేశాను, పాస్‌కీ పెట్టాను, అక్షరాల వరుస కాగితం మీదికి ఎక్కింది. మాట కూడా పెట్టుకున్నాను, ఏ మాటో చెప్పను.

ఈ పొద్దున ఒక పని కోసం పాత ల్యాప్‌టాప్ తీశాను. పాస్‌కీ అందులో లేదు. బుక్‌మార్క్ నొక్కాను, లాగిన్ పేజీ వచ్చింది, పాస్‌వర్డ్ గడిని తాకాను. నింపలేదు. చెయ్యి కాపీ వైపు వెళ్ళబోయి ఆగింది. చిరునామా అక్షరం అక్షరం చదివాను. అక్షరాల కింద చుక్కలున్నాయేమోనని తెర తుడిచి మరీ చూశాను. పేజీ మూసి, మళ్ళీ తెరిచి, మళ్ళీ చదివాను. చిరునామాలో తప్పు దొరకలేదు. అయినా గడిని ముట్టుకోకుండా కారణం వెతుక్కుంటే పావుగంటకు దొరికింది: బ్రౌజర్ కొత్త వెర్షన్‌కు మారినప్పుడు పాస్‌వర్డ్ మేనేజర్ తనకు తానే తాళం వేసుకుని కూర్చుంది. దాని పాస్‌వర్డ్ కొట్టగానే మామూలుగా నింపింది.

పేజీ నిజమైనదే. పావుగంట పోయింది, టీ చల్లారింది.